నేల దొరకని కాలు

మా ఇంటికి ఐసుగడ్డ మొదటిసారి వచ్చింది మా ఆయన చనిపోయిన రోజు. నడి ఎండాకాలం. చిన్నబిడ్డ బొంబాయి నుంచి రావాలి, అది వచ్చేదాకా ఆయనను ఉంచాలి. స్టేషను దగ్గరి ఐసు కార్ఖానా నుంచి ఊకలో పొర్లించి, గోనెసంచిలో కట్టి తెచ్చారు. ఒంటికి రెండు పక్కలా పేర్చారు. ఎత్తేముందు కాళ్లు మొక్కమంటే ఆయన పాదాలు రెండు చేతులా పట్టుకున్నాను. ఆ చల్లదనం నా అరచేతుల్లో చాలా కాలం ఉండిపోయింది. అంతా అయ్యాక ఆ సంచి పారేయమన్నారు. నేను మరిగే నీళ్లలో వేసి ఉతికి, ఎండబెట్టి, జొన్నలు పోసుకోవడానికి దాచాను. చిరగని సంచిని ఎందుకు పారేయాలి?

రెండోసారి ఐసుగడ్డ జోలికి పోయింది మా మనుమరాలు సరోజ కాలి కోసం. నేను రాసేది ఆ కాలు సంగతి. గండం గడిచింది కనుక ఇప్పుడు కుదురుగా కూర్చుని రాయగలుగుతున్నాను. మా గల్లీలో ఇంకా ఆడపిల్లలు ఆడుతున్నారు, కాలు బెణికితే ఐసు కోసం సోడా బండి దగ్గరికి ఉరుకుతున్నారు. ఐసు పెట్టవద్దని నేను అనను. పెట్టి వెంటనే లేచి ఆటకు ఉరకవద్దని మాత్రం అంటాను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

డెబ్బై తొమ్మిది, దసరాకు ముందు

సరోజ నా కొడుకు మల్లయ్య పెద్దబిడ్డ. మల్లయ్య వరంగల్ ధాన్యం మార్కెట్లో కాంటా వేస్తాడు. కోడలు కోమల మిషను మీద రవికెలు కుడుతుంది. సరోజ అప్పుడు ఇంటరు చదువుతూ కబడ్డీ ఆడేది. కాలేజీ ఆటల సార్ మా ఇంటికి వచ్చి, రాష్ట్రం జట్టులో పడితే ఆటల కోటాలో సర్కారు నౌకరి వస్తుందని చెప్పాడు. నేను ఒప్పుకున్నది ఆ మాటకే. ఆట మీద నాకు ప్రేమ లేదు. ఆడపిల్ల గీత దాటి కూతకు పోవడమేమిటని చుట్టాలు సణిగితే, నౌకరి మీరిస్తారా అని అడిగాను.

ఆ పిల్ల కాళ్ల గురించి ఒక్క మాట చెప్పాలి. నల్లా దగ్గరి నుంచి తల మీద బిందెతో వచ్చేది. వాకిట్లో ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలికి అంటిన బురదను మెట్టు అంచుకు రాసేది. మళ్లీ కాలు మార్చి రెండోది రాసేది. చేత్తో బిందె పట్టుకునేది కాదు. చుక్క ఒలికేది కాదు. మెట్టు ఖరాబు చేస్తున్నావని తిట్టేదాన్ని కానీ, ఆ నిలబడడం చూడడానికే ఆ వేళకు వాకిట్లో ఉండేదాన్ని.

ఎంపిక ఆటలు దగ్గర పడ్డాయనగా కుడికాలి చీలమండ బెణికింది. పసుపు, సున్నం ఉడికించి పట్టు వేశాను. వాపు కొంత తీసింది, నొప్పి తీయలేదు. ఆట రోజు నేనూ వెంట పోయాను.

హన్మకొండలో గ్రౌండు. మట్టిని తడిపి, రోలరుతో తొక్కించి, సున్నంతో గీతలు పోశారు. పిల్లలందరివీ ఉత్తకాళ్లే. మొదటి సగం సరోజ బాగానే ఆడింది. సగం అయ్యేసరికి కాలు ఈడ్చడం మొదలుపెట్టింది. విరామంలో సార్ కేక వేస్తే సోడా బండి యాకూబ్ బకెట్లో ఐసు పగలగొట్టి తెచ్చాడు. మోకాలి కింది దాకా కాలు అందులో పెట్టించారు. మోకాలి మీద ఇంకో గడ్డ తువ్వాలతో కట్టారు.

"ఎట్లున్నదే?" అని అడిగాడు సార్.

"మండుతాంది సార్."

"ఇంకా ఉంచు."

కాసేపు ఆగి మళ్లీ అడిగాడు. "ఇప్పుడు?"

"ఏం తెలుస్తలేదు సార్. కాలే లేనట్టున్నది."

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. సార్ కూడా నవ్వాడు. "గదే కావాలె మనకు" అన్నాడు.

కాలు బయటికి తీశాక నా కొంగుతో తుడిచాను. ఆ చల్లదనం నా చేతులకు తెలిసిందే. ఐసు గురించి నాకేమీ తెలియదు, భయం కొద్దీ అన్నాను. "జరసేపు కూసోనియ్యి సార్. కాలు వేడెక్కనియ్యి."

"అమ్మా, ఆటకు సీటీ కొట్టిండ్రు. ఇప్పుడు కూసుంటే పేరు పోతది."

"నువ్వు ఊకో బాపమ్మా. నొప్పి లేదంటే లేదు" అని సరోజ లేచింది.

కూతకు పోయింది. రోజూ పిల్లి నడిచినట్టు అడుగు వేసే పిల్ల, ఆ రోజు కర్ర ఆనించినట్టు కాలు ఆనించింది. ఎదుటి జట్టు పిల్లలు ఇంకా ముట్టుకోనే లేదు. వెనక్కి మళ్లబోయింది. పాదం పక్కకు ఒరిగింది. ఒరిగిన సంగతి దానికి తెలియలేదు, బరువంతా దాని మీదే వేసింది. ఒళ్లు ఒక దిక్కు తిరిగింది, మోకాలు ఒక దిక్కు తిరిగింది. పడ్డది. ఏడవలేదు. వెంటనే లేచి నిలబడింది. మళ్లీ పడ్డది. ఎవరూ ముట్టకుండానే పడ్డదని జనం నవ్వారు.

నేను గీత దాటి లోపలికి పోయాను. సరోజ తన కాలును వేరే వాళ్ల కాలును చూసినట్టు చూస్తున్నది.

"కాలు పెట్టిన బాపమ్మా. నేల దొరకలే."

నొప్పి రిక్షాలో మొదలైంది. చల్లదనం దిగుతున్న కొద్దీ పెరిగింది. చౌరస్తా దాటేసరికి నా భుజం కొరికింది, ఆ పంటి గాటు దీపావళి దాకా ఉన్నది.

ఆ చలికాలం

ఎవరూ ముట్టకుండా పడ్డది కనుక దిష్టి అన్నారు. మిరపకాయలు తీశారు. తర్వాత ములుగు దిక్కున ఎముకలకు కట్లు కట్టే పేరున్న కట్లాయన ఉన్నాడంటే బస్సులో తీసుకుపోయాము. ఆయన కాలు పట్టి గుంజి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. మోకాలు గుమ్మడికాయంత అయింది. అప్పుడు పోయాము పెద్ద దవాఖానకు.

దవాఖానలో కూర్చోవడం ఒక పని. చీటీ కోసం ఒక వరుస, ఎక్స్‌రే ఫొటో కోసం ఒక వరుస, ఫొటో తడి ఆరేదాకా వరండాలో గోడకు ఆనుకుని. బల్లలు నిండిపోతే నేల మీదే. సరోజ కాలు ముడవలేదు, చాపితే నడిచేవాళ్లు తొక్కుతారు. పక్కన నెక్కొండ నుంచి వచ్చిన ఒకామె చాప పరుచుకుని ఉంది. ఆమె భర్తకు చక్కెర జబ్బుతో కాలు మోకాలి కింది దాకా తీసేశారు. ఆమె ఆయనను కాస్త జరిపి, చాప అంచు దులిపింది.

"ఇక్కడ చాపుకో బిడ్డా. మా ఆయనకు ఒక కాలి జాగ మిగిలింది" అన్నది.

ఆయన కూడా నవ్వాడు. "కిరాయి తీసుకోవే" అన్నాడు భార్యతో.

సరోజ ఆ రోజు ఆ మొండికాలి వంక చూడకుండా ఉండాలని ఎంత ప్రయత్నించిందో నేను చూశాను. దాని భయమేమిటో నాకు అర్థమైంది. నా భయమూ అదే.

డాక్టరు ఎముక విరగలేదన్నాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన అంతటితో ఆపలేదు. మోకాలి లోపల రెండు ఎముకలను పట్టి ఉంచే పట్టీ తెగిందట. సిమెంటు కట్టు వేస్తామన్నాడు. పూర్తిగా మునుపటిలా అవుతుందని మాట ఇవ్వలేనన్నాడు.

"నిలబడ్తదా సార్?" అని అడిగాను.

"చూద్దాం" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికి వచ్చాము. ఇంట్లో ఎవరి మాట ఎవరికీ పడలేదు. మల్లయ్య సార్‌ను తిట్టాడు. సార్ ఒకసారి వచ్చి గడప అవతలే నిలబడి, లోపలికి రాకుండానే వెళ్లాడు. కోమల నాతో మాట్లాడడం మానేసింది. ఒకరోజు జొన్నలు చెరుగుతూ, నా వైపు చూడకుండా అన్నది.

"శవం కాడి సంచి ఇంట్ల పెట్టుకున్నంక ఏం మంచైతది అత్తమ్మా."

"సంచి ఏం చేసిందే? సంచి పోయి కూత పెట్టిందా?"

"ఐసు మోసిన సంచి. ఐసే నా బిడ్డను తిన్నది."

నేను లేచి జొన్నలు డబ్బాలోకి వొంపి, సంచి తీసుకుపోయి పొయ్యిలో పెట్టాను. సంచిదే తప్పని నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. గట్టి సంచి. నిదానంగా కాలింది. ఆ పూట కోమల నాకు కంచం పెట్టి, "తిను అత్తమ్మా" అన్నది.

ఎనభై, ఎండలు ముదిరాక

కట్టు కోశారు. లోపలి నుంచి వచ్చిన కాలు మా సరోజది కాదు. తొడ సన్నబడి, చర్మం పొట్టు లేచి ఉంది. చేతికర్ర పట్టుకుని ఇంట్లో తిరిగేది. మెట్టు దగ్గర ఆగిపోయేది. బిందె జోలికి పోలేదు. తడిసిన కాలు తుడుచుకోవాలన్నా కూర్చునేది.

వరుసగా కొన్నాళ్లు పొద్దున్నే బయటికి పోయి వచ్చి, కర్ర లేకుండా వాకిట్లో నడవడం మొదలుపెట్టింది. ముఖంలో వెలుగు. నాకూ ఆశ పుట్టింది. ఒకనాడు కూరగాయలకు పోతే యాకూబ్ బండి ఆపాడు.

"అమ్మా, ఇంట్ల చుట్టాలున్నరా? సరోజమ్మ రోజు ఐసు కొంటపోతాంది."

ఇంటికి వచ్చి దాన్ని నిలదీశాను. కాలేజీ సంచిలో తడి తువ్వాల దొరికింది.

"ఏం చేస్తానవే ఇది?"

"నొప్పి లేకుంటే నడుస్తాన్న బాపమ్మా. నువ్వే చూసినవు గద. మళ్ల ఎంపికలు పెడ్తాండ్రట. అప్పటి వరకు జర నడక మంచిగ కనిపిస్తే చాలు."

"పడ్డది మర్శినవా?"

"అప్పుడు కాలు బెణికి ఉన్నది, అందుకే పడ్డ. ఐసుకు దానికి ఏం సంబంధం? నొప్పి తీసేది పడగొడ్తదా?"

నా తెలివీ, ఆ రోజు చూసినవాళ్లందరి తెలివీ అంతే. నొప్పి లేకపోతే కాలు బాగైనట్టే అనుకున్నాం. నొప్పి ఒక దొంగ అనుకున్నాం, ఐసు వాడిని కట్టేసిందనుకున్నాం. తువ్వాల లాక్కుని పొయ్యి దగ్గర ఆరేశాను. అది ఇంకో తువ్వాల తీసుకుపోయింది.

ఆ వారంలోనే ఒకరోజు పొద్దున యాకూబ్ దగ్గర మోకాలికి గడ్డ కట్టుకుని, మొద్దుబారగానే బస్సెక్కింది. మార్కెట్ దగ్గర దిగబోయి కాలు కిందికి వేసింది. మళ్లీ నేల దొరకలేదు. బస్సు కదలకముందే పడ్డది కాబట్టి బతికింది. మార్కెట్ హమాలీలు ధాన్యం మోసే బల్ల మీద పడుకోబెట్టి, మల్లయ్యకు కబురు పెట్టి, నలుగురూ మోసుకుని దవాఖానకు తీసుకుపోయారు. ఒకాయన తన తలగుడ్డ విప్పి దాని మోకాలి కింద పెట్టాడు. ఆ తలగుడ్డ ఉతికి ఇద్దామంటే ఆయన ఎవరో మాకు చివరిదాకా తెలియలేదు.

మల్లయ్య జన్మలో బిడ్డ మీద నోరు చేసుకున్నవాడు కాదు. ఆ రోజు వరండాలో అందరి ముందూ అరిచాడు. "ఇంకోసారి ఆట అన్నవంటే కాళ్లు ఇరగ్గొట్టి..."

అక్కడ ఆగిపోయాడు. సరోజ తండ్రి ముఖం చూస్తూనే ఉంది. మల్లయ్య బయటికి పోయి, బీడీ వెలిగించుకోవడం కూడా చేతకాక, సాయంత్రం దాకా వేపచెట్టు కింద నిలబడ్డాడు.

ఈసారి మోకాలు కోశారు. కోసినాక కూడా డాక్టరు "చూద్దాం" అనే అన్నాడు.

ఎనభై, వానలు పడ్డాక

దవాఖాన వెనక కసరత్తు గది ఉంది. దాన్ని చూసే మేడమ్ చిన్న వయసు మనిషి, నవ్వదు. నాకు నచ్చింది. ఇంట్లో చేసేవి చెప్పి, చేయకపోతే రావద్దన్నది. సరోజ గోడ వంక చూస్తూ కాలు లేపేది, దించేది. ఆ నెలల్లో దాని నోట మాట విన్నది తక్కువ. అన్నం ముందు పెడితే తినేది, తీసేస్తే ఊరుకునేది. కోమల దాని పక్కనే మిషను వేసుకుని కుట్టేది, చప్పుడైనా ఉంటుందని.

ఒకరోజు మేడమ్ పడిన రెండుసార్లూ ఎట్లా పడిందో అడిగింది. నేనే చెప్పాను. విని, సరోజను బాగున్న ఎడమకాలి మీద నిలబడి కళ్లు మూసుకోమన్నది. చంక కింద తను చేతులు పెట్టి కాచుకుంది. సరోజ గుంజలా నిలబడింది. తర్వాత అదే కాలికి, చీలమండకు, మోకాలికి ఐసు కట్టించింది. మొద్దుబారేదాకా ఆగి, మళ్లీ కళ్లు మూసుకుని నిలబడమన్నది. ఏ జబ్బూ లేని కాలు అది. నిలబడీ నిలబడకముందే ఒళ్లు ఊగింది, మేడమ్ చేతుల్లో పడ్డది.

"నొప్పొక్కటే కాదు మొద్దుబారేది" అన్నది మేడమ్. "కాలు ఎక్కడున్నదో, ఎంత వంగిందో లోపల్నుంచి నీకు కబురు వస్తనే ఉంటది. నీకు తెలవకుండనే సర్దుకుంటవు. బాగ చల్లబడ్డ కాడ ఆ కబురు సరిగ రాదు. కాసేపే. వేడెక్కితే మళ్ల వస్తది."

"మరి అందరు పడరు గద మేడమ్" అన్నాను.

"పడరమ్మా. కొందరికి ఏం కాదు. కానీ ముందే బెణికిన కాలు, ఉత్తకాళ్ల ఆట, ఒక్కసారి మళ్లుడు. ఐసు మంచిదే. పెట్టుకొని కూసున్నోళ్లకు."

ఇంటికి రిక్షా ఎక్కాము. పోచమ్మమైదానం దాటాక సరోజ అడిగింది.

"అంటే నేను ఆట రాక పడలేదన్నట్టేనా బాపమ్మా?"

అప్పుడు తెలిసింది నాకు, ఇన్ని నెలలు ఆ పిల్ల కడుపులో ఏం పెట్టుకుని గోడ చూసిందో. జనం నవ్విన నవ్వు దాని చెవుల్లోనే ఉంది.

"కాదు" అన్నాను. "నీకు ఆట వచ్చు."

మోకాలు తెగినప్పుడు ఏడవనిది, కోసినప్పుడు ఏడవనిది, రిక్షాలో నా ఒళ్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది. రిక్షా ఆయన వెనక్కి చూడకుండా నిదానంగా తొక్కాడు.

ఎనభై రెండు, చలి మొదలైనప్పుడు

నౌకరి రాలేదు. రాదు కూడా. సరోజ ఇప్పుడు తల్లి పక్కన కూర్చుని మిషను కుడుతుంది, ఎడమకాలితో తొక్కుతుంది. నడిస్తే చూసినవాళ్లకు తేడా తెలుస్తుంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. పొద్దున్నే వాకిట్లో కుడికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటుంది, నేను జానెడు దూరంలో చేయి పెట్టి నిలబడతాను. ముట్టుకోను. కొన్ని రోజులు నిలబడుతుంది, కొన్ని రోజులు ఊగి నా చేయి పట్టుకుంటుంది. బిందె ఇంకా ఎత్తలేదు.

మొన్న దసరాకు ముందు ఎంపిక ఆటలు చూస్తానంటే గ్రౌండుకు తీసుకుపోయాను. అదే మట్టి, అదే సార్, జుట్టు నెరిసింది. మా గల్లీ పిల్ల రజిత ఆడుతున్నది. మొదటి సగంలో చీలమండ మెలిపడింది. విరామంలో యాకూబ్ బకెట్ వచ్చింది. సరోజ నన్ను అడగకుండా లేచి, కుంటుకుంటూ గీత దాటి పోయింది. వెనకే నేను పోయాను.

రజిత కాలు బకెట్లో ఉంది. సరోజ పక్కన నిలబడింది.

"మంచిగ పెట్టుకో" అన్నది. "ఇగ ఇయ్యాళ ఆడకు."

"నొప్పి లేదక్కా."

"అందుకే."

సార్ వచ్చాడు. "సరోజా, నువ్వు జరుగు. సీటీ కొడ్తాండ్రు."

సరోజ సార్ వైపు తిరగలేదు. "లే రజితా. ఆ కాలు మీద నిలబడి కండ్లు మూసుకో. నిలబడితే పో. నేనేమన."

రజిత తల్లి జనంలోంచి వచ్చింది. "నీ బతుకు ఖరాబైతే నా బిడ్డ బతుకు ఆపుతానవా? ఏం కడుపుమంటే నీది?"

రజిత అందరినీ చూసి, మొండిగా లేచి, తడికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంది. ఊగింది. పక్కకు ఒరిగింది. సరోజ ఒక్క అడుగు ముందుకు వేసి దాన్ని ఒడిసిపట్టింది. వేసింది కుడికాలు. ఇద్దరి బరువూ ఆ కోసిన మోకాలి మీద పడింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఇద్దరూ నిలబడే ఉన్నారు.

సార్ చాలాసేపు ఆ పిల్ల పాదం వంక చూసి, ఇంకో పిల్లను పిలిచి లోపలికి పంపాడు. ఆట ఓడిపోయారు. రజిత పేరు రాలేదు. దాని చీలమండ నెల తిరగకుండా బాగైంది, ఇప్పుడు మళ్లీ ఆడుతున్నది. ఎంపికలు మళ్లీ ఎప్పుడో. దాని తల్లి నల్లా దగ్గర మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకుంటుంది. తిప్పుకోనీ.

ఆట మరునాడు సరోజ మోకాలు వాచింది. మెల్లగా అడిగింది, ఐసు తెచ్చిపెడతావా అని. కోమల మిషను ఆపింది. నేను చెంబు పట్టుకుని యాకూబ్ దగ్గరికి పోయి తెచ్చాను. కాలు చాపించి, తువ్వాలలో చుట్టి, మోకాలి మీద పెట్టాను. చాలనిపించాక తీసి, రెండు చేతులా దాని కాలు పట్టుకుని కూర్చున్నాను. మొదట ఆ పాత చల్లదనమే. ఈసారి అది మెల్లమెల్లగా వెనక్కి పోయింది.

"లేవనా బాపమ్మా?" అన్నది.

"ఇంకా లేదు" అన్నాను.